తాలింపులో పోయిన పన్నెండు మబ్బులు

పుబ్బ కార్తె, 9వ రోజు

అవతలికి తోలిన మబ్బులు మూడు. ఇవతలికి వచ్చింది ఒకటి. గాలి పడమటిది, పనిదొంగ.

పొద్దున్నే దున్న మొరాయించింది. దున్న అంటే మా ఈలకనుమ స్టేషన్‌లో మబ్బులు తోలే పంకా. ఒక్కో రెక్క మా ఇంటి చూరంత ఉంటుంది. ముందుకు తిప్పితే ఊదుతుంది, వెనక్కి తిప్పితే పీలుస్తుంది, బుద్ధి పుట్టకపోతే రెండూ మానేసి నా మొహం చూస్తుంది. కొత్త బేరింగులు కావాలని కేంద్రానికి రాసి పద్నాలుగు నెలలైంది. జవాబుగా ఆముదం డబ్బా ఒకటి పంపారు. అది దున్నకి పొయ్యాలో నేను తాగాలో మాత్రం రాయలేదు.

ఈ పుస్తకంలో రోజూ నాలుగు వరుసలకి తగ్గకుండా రాయాలని రూలు. ఏడో తరగతి తప్పినవాడికి నాలుగు వరుసలంటే నాగలి పట్టినంత పని. అయినా పందొమ్మిదేళ్ళుగా రాస్తున్నాను. ఎవడూ చదివిన పాపాన పోలేదు. ఆ సంగతి నేను పరీక్ష పెట్టి మరీ తేల్చుకున్నాను. మూడో ఏట ఒకరోజు 'ఉత్తరం వైపు నుంచి రెండు ఏనుగులు ఎగిరి వచ్చాయి, ఒకటి చూడిది' అని రాసి పంపితే, కేంద్రం 'అందినది, సరి' అని ముద్ర కొట్టి తిప్పి పంపింది. అప్పట్నించి నా చేతికి పగ్గాల్లేవు. ఆకాశం బోసిగా ఉన్న రోజున కూడా నాలుగు వరుసలు నింపాలి కదా. 'తవిటయ్య ఇవాళ నా మబ్బులు పన్నెండు దొంగిలించి పప్పులో తాలింపు వేసుకున్నాడు' అని మొన్న రోహిణిలో రాశాను. అలాంటివి ఈ ఏడాది ఎన్ని రాశానో నాకే గుర్తు లేదు.

తవిటయ్య కనుమకి అవతలి మబ్బుల కాపరి. మాది ఎగువనాడు, వాళ్ళది దిగువనాడు. మధ్యన సరిహద్దు గీత. గీత దాటి రోడ్డు ఏడు మలుపులు తిరిగి దిగితే వాళ్ళ చినుకువలస. ఊరి మొగలో తవిటయ్య పంకా. నలభై ఏళ్ళ కిందట మబ్బుల పంపకం ఒప్పందం రాసుకున్నప్పుడు రెండు వైపుల పెద్దలూ ఒక మేకని కోసుకు తిని ఒక మంచి కట్టడి పెట్టారు. కనుమ మీద ఎదురు కాపరులు ఒకరినొకరు 'బావా' అని తప్ప మరోలా పిలుచుకోకూడదు. బావలన్నాక ఏలాకోలాలుంటాయి. ఏలాకోలాలాడుకునేవాళ్ళు కత్తులు దూసుకోరు. ఇదీ పెద్దల లెక్క. నేను ఆ ఒప్పందాన్ని ప్రాణం పెట్టి అమలు చేశాను. మహామంత్రి వస్తున్నాడని చెప్పి చినుకువలస మొత్తం చేత రోడ్డు ఊడిపించాను. గాడిదకి పన్ను వేశారని ముద్ర వేసిన కాగితం పంపితే ఊళ్ళో గాడిదలన్నీ రెండు రోజులు అటకలెక్కాయి.

వాడూ తక్కువ తినలేదు. ఇవాళ మా ఆవిడ ఆదెమ్మ మేడ మీద గుమ్మడి వడియాలు పెట్టిన పావుగంటకి, సరిగ్గా మంచమంత మబ్బు తునక ఒకటి గీత దాటి వచ్చి, వడియాల మీదే కురిసి వెళ్ళిపోయింది.

"ఒరే బావా, ఆకాశమంతా ఎండే గదరా!" అన్నాను ఫోనులో. రెండు స్టేషన్లకీ మధ్య ఒకే ఒక్క తీగ ఫోను ఉంది.

"మా సెల్లికి వడియాల్లో ఉప్పెక్కువైపోద్దని కడిగినాను బావా," అన్నాడు తవిటయ్య.

"నాయాలా, నీ మిరపకాయలు ఆరబెట్టుకుంటావు గదా. అప్పుడు సెప్తాను నీ పని."

"ఆరబెట్టేసినాను. రా, సూద్దుము."

పుబ్బ కార్తె, 11వ రోజు

కేంద్రం నుంచి ఆర్డరు వచ్చింది. బేరింగులు కావు. రేపటిదాకా ఆగకుండా ఇవాళ్టి నుంచే గీతకి అవతల ఏడు మలుపుల మీదా గొంగడిమందం మంచు వెయ్యాలి. తెల్లారి మొదలు చీకటి దాకా. అవతలి కాపరికి కబురు చెప్పనక్కర్లేదు. కారణం: యంత్ర పరీక్ష.

మంచుకి మా దగ్గర మూడు మందాలు. గుడ్డమందంలో మనిషి కనిపిస్తాడు. గొంగడిమందంలో ముందు బండి వెనక దీపం మాత్రం కనిపిస్తుంది. గోడమందంలో నీ చెయ్యి నీకు కనపడదు. ఆ మూడోది రోడ్డు మీద వెయ్యకూడదని గోడ మీద ఎర్ర అక్షరాలతో రాసి ఉంటుంది.

కబురు చెప్పకుండా గీత దాటించడమేమిటని కేంద్రానికి ఫోను చేశాను. అక్కడొకావిడ 'మీ పేరు?' అంది. పోలినాయుడు అన్నాను. 'ఏ స్టేషన్?' ఈలకనుమ. 'మీ సందేహం?' చెప్పాను. 'మీ పేరు?' అంది మళ్ళీ. మూడుసార్లు పేరు చెప్పుకునే సరికి నాకే నా పేరు మీద విసుగు పుట్టి ఫోను పెట్టేశాను.

మంచు వేశాను. గంటలో ఫోను మోగింది.

"బావా, ఒప్పుకున్నాను. పెద్ద దెబ్బే కొట్టినావు. నా మిరపకాయలన్నీ మెత్తబడిపోనాయి. ఇంక తియ్యి."

"నాను కాదు బావా. ఆర్డరు."

"అలగే. మాకూ ఒక ఆర్డరొచ్చినాది. కాసుకో."

మధ్యాహ్నానికి గీత అవతలి నుంచి పొగ మొదలైంది. మెత్తబడిన మిరపకాయలన్నీ కుప్పపోసి అంటించి, పంకా పెట్టి మా మీదకి ఊదాడు. ఆదెమ్మ తుమ్మిన తుమ్ముకి ఉట్టి మీద పెరుగు ముంత ఊగింది. నేను కళ్ళు కడుక్కుంటూ నవ్వాను కానీ ఆ నవ్వు పూర్తిగా రాలేదు. పందొమ్మిదేళ్ళలో కబురు లేకుండా మబ్బు దాటించమని ఎవరూ చెప్పలేదు.

పుబ్బ కార్తె, 12వ రోజు

పొద్దున రేడియోలో మా ఎగువనాడు ఏలే పెద్దాయన గొంతు. దిగువనాడు మన మబ్బుల్ని దొంగిలిస్తోందట. ఈ ఏడాది ఇప్పటికి రెండు వందల పన్నెండు మబ్బులు పోయాయట. సరిహద్దు స్టేషన్ల రికార్డులే సాక్ష్యమట. 'రోహిణి కార్తెలో ఒక్కనాడే పన్నెండు!' అని బల్ల గుద్దాడు.

నేను నోట్లో పెట్టుకున్న దోసె ముక్క అలాగే ఉండిపోయింది.

"ఏటైంది?" అంది ఆదెమ్మ.

"అవి నాయే."

"ఏటి నీయి?"

"ఆ పన్నెండూ. తవిటయ్య పప్పులో తాలింపు."

ఆదెమ్మ గరిటె కింద పెట్టింది. పాతికేళ్ళకి పైబడిన కాపురంలో నన్ను చాలా తిట్టింది. ఇవాళ తిట్టలేదు. అది నాకు నచ్చలేదు.

పదకొండు గంటలకి రుక్మాంగదరావు అనే అధికారి వచ్చాడు. కొత్త బూట్లు, ఇస్త్రీ మడత నలగని మొహం. స్టేషన్ అంతా తిరిగాడు. గీత దగ్గర రోడ్డు వెడల్పు టేపుతో కొలిపించాడు. నేను వెనకే పడ్డాను.

"అయ్యగోరూ, నా పుస్తకంలో మబ్బుల దొంగతనం అంతా ఉత్తిదండి. ఏలాకోలానికి రాసుకున్నాను."

"ప్రభుత్వ పుస్తకంలో ఏలాకోలం ఉండదు పోలినాయుడు గారూ."

"ఉందండి. మూడో ఏట ఏనుగులు ఎగిరినట్టు రాశాను. కావాలంటే తీసి సూడండి."

"ఆ ఏనుగుల సంగతి వేరే విభాగం చూస్తుంది."

నవ్వుతున్నాడేమోనని చూశాను. లేదు. మనిషి నిజంగానే అంటున్నాడు. ఇలాంటివాడి మీద ఏ తమాషా పనిచేస్తుంది? గోడ మీదికి బంతి విసిరితే తిరిగైనా వస్తుంది.

"పోనీ, ఇప్పుడు రాసిస్తానండి. ఒక్క మబ్బు కూడా పోలేదని. వేలిముద్ర కూడా వేస్తాను."

"నాలుగు వరుసలకి తగ్గకుండా రాయండి. అందుతుంది," అని వెళ్ళిపోయాడు.

రాసి పంపాను. సాయంత్రానికే తిరిగొచ్చింది. 'అందినది, సరి.'

పుబ్బ కార్తె, 13వ రోజు

ఘాటు రోడ్డులో మన వైపు బండ్ల మోత. పశుగ్రాసం అని రాసిన టార్పాలిన్లు కప్పుకుని నలభై పైచిలుకు బండ్లు వరసగా ఎక్కుతున్నాయి. నాకు గడ్డి బండి అంటే తెలుసు. గడ్డి బండి ఎక్కితే రోడ్డుకి నొప్పి తెలియదు. ఇవి ఎక్కుతుంటే మా చూరు పెంకులు కదిలాయి.

నీళ్ళ కుండ పట్టుకుని మొదటి బండి దగ్గరికి వెళ్ళాను, దాహమా అని. టార్పాలిన్ కింది నుంచి ఒక చెయ్యి వచ్చి కుండ అందుకుంది. లోపల ఒకరి మోకాళ్ళ మీద ఒకరు కూర్చుని కుర్రవాళ్ళు. అందరి తలల మీదా ఇనప టోపీలు. "పశువులకి గడ్డి బాగుందా బాబూ?" అన్నాను. ఒకడు నవ్వబోయాడు. పక్కవాడు మోచేత్తో పొడిచాడు.

ఇంటికి వచ్చి ఆదెమ్మకి చెప్పాను. "ఈళ్ళు దిగువనాడు మీదకి పోతన్నారు. దారిలో మొట్టమొదట చినుకువలస. మూడు వందల గడప."

"మరి తవిటయ్య అన్నయ్యకి సెప్పు. తల్లిని కావిడిలో ఎత్తుకుని పోవాల గదా ఆయన. మరిడమ్మకి నడకెక్కడిది?"

సైనికులు ఫోను తీగ కోసేసి ఉంటారనుకున్నాను. కొయ్యలేదు. మోగించగానే ఎత్తాడు.

"బావా, ఇను. నవ్వకు. మా సైన్యం మీ మీదకొచ్చేస్తంది. నీ తల్లినెత్తుకుని ఊరందర్నీ తీసుకుని బేగి ఎల్లిపో."

అవతల వాడి నవ్వు. ఫోను నోటికి దూరంగా పెట్టి పక్కన ఎవరికో చెప్తున్నాడు: "మా బావ ఈపాలి సైన్యాన్ని పంపిస్తన్నాడంట! రోడ్డు ఊడ్సుదుమా?" వెనక నలుగురి నవ్వులు.

"ఒరే, నిజంరా!"

"మొన్న మంత్రి గూడా నిజమే గదా బావా. మా ఆవిడ సీపురు ఇరిగిపోనాది ఆ దెబ్బకి."

"నా తల్లి మీద ఒట్టు."

"గాడిద పన్నుకి గూడా నీ తల్లి మీదే ఒట్టేసినావు. పాపం ముసిల్ది, పైలోకంలో ఎన్నని మొయ్యగలదు?"

ఫోను పెట్టి దున్న దగ్గరికి వెళ్ళి దాన్ని నాలుగు తన్నులు తన్నాను. నా కాలే వాచింది.

మెట్లు దిగుతుంటే రుక్మాంగదరావు ఎదురయ్యాడు. ఫోనులో మాట్లాడానని తెలిసే వచ్చాడు. నన్ను పట్టుకుపోతాడనుకున్నాను.

"తీగ ఎందుకు కొయ్యలేదా అని చూస్తున్నారా? కోస్తే అవతలివాళ్ళకి అనుమానం వస్తుంది. మీరు మామూలుగానే మాట్లాడుతూ ఉండండి," అన్నాడు. "మీ మాట అక్కడ ఎవరూ నమ్మరని మా ఫైల్లో ఉంది."

ఉత్తర కార్తె, 1వ రోజు

నా బతుకులో ఇవాళ పడ్డంత శ్రమ ఎన్నడూ పడలేదు. ఒక్క మనిషి చేత ఒక్క మాట నమ్మించడానికి.

మొదట మర్యాదగా మాట్లాడి చూశాను. 'తవిటయ్య గారూ, నమస్కారం' అన్నాను. పందొమ్మిదేళ్ళ తర్వాత గారు అంటే వాడు భయపడాలి కదా. వాడు ఊరంతటినీ పిలిచి వినిపించాడు. మళ్ళీ అనమని బతిమాలాడు.

తర్వాత ఏడ్చి చూశాను. దొంగ ఏడుపు కాదు, వస్తోంది కాబట్టి ఆపుకోకుండా వదిలేశాను. "అబ్బ, బావా, నాటకాలోళ్ళు ఎందుకు పనికొస్తారు నీ ముందర!" అన్నాడు.

బండ్ల లెక్క చెప్పాను. కుర్రాళ్ళ టోపీల రంగు చెప్పాను. "సైన్యం వస్తంటే మాకు కనపడదేటి?" అన్నాడు. "ఎలా కనపడుతుందిరా, మంచులో!" "మరి మంచెవులు ఏసినారు?" అన్నాడు.

"ఉత్తర చూసి ఎత్తర గంప అన్నారు బావా పెద్దలు. ఇయాల ఉత్తరొచ్చినాది. ఎత్తు గంప," అన్నాను.

"వానల్లేకపోతే గదా గంపెత్తమన్నారు. నువ్వు మంచులో ముంచేసి గంపెత్తమంటావేటి?"

అప్పుడు ఆదెమ్మ నా చేతిలో ఫోను లాక్కుంది. ఆదెమ్మ పుట్టాక ఒక్క హాస్యం ఆడలేదు. ఆడినవాళ్ళని క్షమించనూ లేదు. ఇక నమ్ముతాడు, నాకు ముందే ఎందుకు తోచలేదని తల బాదుకున్నాను.

"అన్నయ్యా, నాను ఆదిని. ఈడు సెప్పింది నిజం. మరిడమ్మనెత్తుకుని ఎల్లిపో."

ఈసారి అవతల నవ్వు లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆదెమ్మ వింటూ వింటూ ఉండగా దాని మొహం మారిపోయింది. ఫోను నాకిచ్చేసింది.

"ఏటన్నాడు?"

"'సెల్లీ, నిన్ను గూడా సెడగొట్టేసినాడా ఆడు' అన్నాడు." కొంగుతో మొహం తుడుచుకుంది. "జాలిపడ్డాడు నా మీద."

నేనే వెళ్ళి చెప్తానని మేకల దారి పట్టాను. గీత దాకా కూడా పోలేదు, ఇద్దరు సైనికులు చొక్కా పట్టుకుని వెనక్కి ఈడ్చుకొచ్చారు. కాపరి ప్రాణాలకి మంచులో ప్రమాదమట.

సాయంత్రం ఆర్డరు. రేపు తెల్లారినప్పటి నుంచి గొంగడిమందం. ఏడు గంటల దాకా ఆపకూడదు.

ఆదెమ్మ అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది. "మంచెయ్యకపోతే?"

"దున్న తిప్పడానికి ఇంకొకణ్ణి తెస్తారు. నన్ను పంపేస్తారు. అప్పుడీ ఫోను దగ్గర కూడా ఎవులూ ఉండరు."

"ఉండి ఏటి సేస్తన్నావు?"

అన్నం కలిపి వదిలేశాను.

ఉత్తర కార్తె, 2వ రోజు, పొద్దున

తెల్లారేసరికే బండ్లు మా స్టేషన్ దాటాయి. గీత కూడా దాటాయి. గొంగడిమందం మంచులో, ముందు బండి దీపం పట్టుకుని వెనక బండి, మూడో మలుపు దాకా దిగి దీపాలార్పుకుని ఆగాయి. ఏడు కొట్టడానికి ఆగాయన్నమాట. కిందనుంచి చినుకువలస పొయ్యిల పొగ వాసన వస్తోంది. ఎవరో చేపలు కాలుస్తున్నారు. నాలుగు మలుపులు పైన ఇంత ఇనుము కూర్చుని ఉందని తెలియక.

ఆరుంపావుకి నాకు తట్టింది. తట్టడానికి ఇన్ని రోజులు పట్టిందే అని నన్ను నేను తిట్టుకున్నాను. నా నోటిని వాళ్ళు నమ్మరు. వాళ్ళ కళ్ళనైతే నమ్ముతారు కదా. మధ్యన అడ్డంగా ఉన్నది నేను వేసిన మంచే.

"ఆదీ, తలుపెయ్యి," అన్నాను.

మా స్టేషన్‌కి ఒకటే ఇనప తలుపు. ఆదెమ్మ గడియ పెట్టి, అదీ చాలదని రుబ్బురోలు దొర్లించుకొచ్చి ఆనించింది. నేను డబ్బాలో ఆముదమంతా దున్న ఇరుసులో పోసి, వెనక్కి తిప్పే పిడి లాగాను. దున్న మూలిగింది. తిరగలేదు. రెక్క పట్టుకుని ఇద్దరం వేలాడాం. అప్పుడు కదిలింది, ముందు ఒకసారి, మళ్ళీ ఒకసారి, తర్వాత రెక్క చేతికి అందనంత జోరుగా. నాలుగు రోజుల మంచు కనుమలోంచి వెనక్కి వచ్చి మా మీద పడింది. నిలువునా తడిసిపోయాం.

మలుపులు బయటపడ్డాయి. ఒకటి, రెండు, మూడు. నలభై మూడు బండ్లు, టార్పాలిన్లు తీసేసి, తుపాకీ గొట్టాలన్నీ కిందికి చూస్తూ. మూడో మలుపులో మొదటి బండి మీద అద్దం ఆనించుకుని ఒక కుర్రాడు గడ్డం గీసుకుంటున్నాడు. సగం మొహం నిండా సబ్బు. ఎండ పడేసరికి అలాగే తలెత్తి ఆకాశం వైపు చూశాడు.

కింద బావి దగ్గర ఒకావిడ బిందె పట్టుకుని ఉన్నది ఉన్నట్టు నిలబడిపోయింది. ఊళ్ళో కుక్కలన్నీ ఒక్కసారి అందుకున్నాయి. ఫోను మోగింది.

"బావా," అన్నాడు తవిటయ్య.

"ఊఁ."

"అవి అట్టముక్కలే గదా?"

ఫోను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాను.

"అట్టలతో కట్టినావు గదా. రంగులేసినావు గదా. ఎంత పని బావా, నాలుగు రోజులు మంచెనకాల కూకుని... నువ్వే గదా? నువ్వేనని సెప్పు. నీ కాళ్ళకి మొక్కుతాను, నువ్వే సేసినానని సెప్పు."

"కాదు బావా."

వాడి ఊపిరి వినపడుతోంది. వెనక అరుపులు, తలుపులు కొట్టుకోవడం, ఎవరిదో పిల్ల ఏడుపు.

"నాలుగు రోజులు కప్పినోడివి నువ్వే," అన్నాడు.

"ఆఁ. నానే."

పై మలుపుల్లో ఇంజన్లు మొదలయ్యాయి. రుక్మాంగదరావు గొంతు ఎక్కడో ఈలలాగా వినిపిస్తోంది. ఏడు కొట్టేదాకా ఆగరు ఇక.

"బావా," అన్నాను. "నన్ను తర్వాత తిట్టు. ఏటి కావాల సెప్పు."

వాడు కాపరి. నాకన్నా మంచి కాపరి. ఏడుపు మింగి పని మాట్లాడాడు. "ఊరంతా జీలుగు లోయలోకి దిగాల. అరగంట కావాల. మలుపుల మీద మంచు కావాల. గొంగడి కాదు. గోడ."

"రోడ్డు మీద గోడెయ్యకూడదు."

"సైన్యం గూడా రాకూడదు."

"నీ పంకా?"

"నాది కింద మూడు మలుపులు కప్పగలదు. మీదవి నువ్వు కప్పు. ఫోను పెట్టకు."

దున్నని ముందుకి తిప్పాను. పీల్చిన మంచంతా దున్న వెనక గొట్టాల్లోనే ఉంది, ఇంకా చిక్కబడి. అంతా వదిలాను. గోడ మీద ఎర్ర అక్షరాలు నా మొహం ముందే ఉన్నాయి. అక్షరం పోకుండా చదువుకుంటూ పిడి చివరికంటా నొక్కాను. కింద నుంచి వాడి మంచు లేచింది. రెండూ నాలుగో మలుపు దగ్గర కలుసుకోవడం చూశాను. ఆ తర్వాత ఏమీ చూడలేదు.

తర్వాత

ఇంజన్లు కదిలాయి. ఎవరో ఆగమని అరుస్తున్నారు, ఇంకెవరో పొమ్మని అరుస్తున్నారు. ఇనుము రాతికి గీసుకున్న చప్పుడు. ఆ తర్వాత ఏదో పెద్దది కిందికి, కొట్టుకుంటూ కొట్టుకుంటూ, చాలాసేపు పోయింది. మొదటి బండే అయి ఉంటుంది. సబ్బు మొహం కుర్రాడు అప్పటికి బండెక్కాడో లేదో. ఎక్కలేదనే అనుకుంటున్నాను. అనుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఆ చప్పుడుతో ఇంజన్లన్నీ ఆగిపోయాయి. మలుపుల్లో ఎవడూ అడుగు వెయ్యడం లేదు. తుపాకులు మాత్రం పేల్చారు, మంచులోకి, గుడ్డిగా.

ఫోను తీగ ఇంకా ఉంది. అవతల వాడు పెట్టెయ్యలేదు, ఎక్కడో వేలాడదీసినట్టున్నాడు. చాలాసేపు వాళ్ళ ఊరు వినిపించింది. "కోడిపెట్టనొదిలీ! ఒదిలీమంటన్నాను!" అని ఒక ఆడమనిషి. పాదాలు, పాదాలు. తర్వాత దగ్గరగా తవిటయ్య గొంతు: "అమ్మా, కాళ్ళు ముడుసుకో. ముడుసుకో అమ్మా, కావిడిలో పట్టవు." ముసలావిడ ఏదో సణిగింది. మంచంకోళ్ళు నేల మీద ఈడ్చిన చప్పుడు. ఆ తర్వాత వాడి పంకా చప్పుడు ఒక్కటే.

పంకా తిరుగుతోందంటే వాడు దాని దగ్గరే ఉన్నట్టు కాదు. నూనె ఉన్నంతసేపు దానంతటదే తిరుగుతుంది. అది నాకు తెలుసు. పంకా తిరుగుతోందంటే వాడు వెళ్ళిపోయినట్టూ కాదు. గోడమందం నిలవాలంటే ఎవరో ఒకరు దగ్గరుండి మాటిమాటికీ పిడి సర్దుతుండాలి. అది కూడా నాకు తెలుసు.

"బావా," అన్నాను ఫోనులో. "ఎల్లిపోనావా?"

పంకా.

"బావా, ఉన్నావా?"

ఇనప తలుపు మీద గునపాలు పడుతున్నాయి. రుక్మాంగదరావు మంచు తియ్యమంటున్నాడు. దేశద్రోహం అంటున్నాడు. ఇంకేవో అంటున్నాడు, ఏడో తరగతి తప్పినవాణ్ణి, ఆ మాటలు నాకు రావు. ఆదెమ్మ రుబ్బురోలుకి వీపు ఆనించి కాళ్ళు బారజాపుకుని కూర్చుంది. ఒక్కో దెబ్బకీ అరంగుళం ముందుకు జరుగుతోంది, మళ్ళీ వెనక్కి తోసుకుంటోంది.

"ఏటంటన్నాడు అన్నయ్య?" అంది.

"ఏటీ అన్లేదు."

"అంటే ఎల్లిపోయినట్టే గదా?"

"తెల్దు."

"పైకెళ్ళి సూడు."

మేడ మీదికి వెళ్ళి చూశాను. చినుకువలస లేదు. జీలుగు లోయ లేదు. గీత కూడా లేదు. పందొమ్మిదేళ్ళలో ఇంత మంచి మంచు నేను వెయ్యలేదు. తూట్లు లేవు, చిరుగుల్లేవు, కొండ అంచు నుంచి కొండ అంచు దాకా ఒకే తెలుపు. దానికి అవతల వాళ్ళు లోయలో దిగుతున్నారో, రోడ్డు మీదే పడి ఉన్నారో ఒక్క తునక కూడా కనిపించడం లేదు. కొంచెం, చేతి వెడల్పంత తొలగిస్తే చూడొచ్చు. కిందికి దిగితే పిడి చేతి దూరంలోనే ఉంది.

తొలగించలేదు. దిగొచ్చి, ఫోను తువ్వాలతో చెవికి కట్టుకుని, ఇది రాస్తున్నాను. దున్నలో నూనె ఇంకో ముప్పావుగంట సరిపోతుంది. తలుపు అంతసేపు ఆగుతుందో లేదో. ఆదెమ్మ రమ్మంటోంది, రోలు దగ్గర ఇంకొక వీపు కావాలట.